కార్డు ఖాళీగా ఇవ్వని మనిషి

మొన్న శుక్రవారం నా స్టీలు డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది.

ప్రతి నెలా అందులో ఎండు రొయ్యలు పోసి ఒక ఇంటికి పంపిస్తాను. నాలుగైదు రోజులకి డబ్బా తిరిగొస్తుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఖాళీగా రాలేదు. ఒకసారి బెల్లం ముక్క, ఒకసారి నాలుగు నిమ్మకాయలు, ఇంట్లో ఏమీ లేనప్పుడు గుప్పెడు కరివేపాకు. ఈసారి మూత తీస్తే అడుగున నా ముఖమే కనబడింది. ఏమిటిది అని డబ్బా తెచ్చిన ఆటో అతన్ని అడిగాను. అతను తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఆ ఇంట్లో మైలంట పిన్నీ. ఏటీ ఎట్టి పంపకూడదంట."

ఆ ఇంటాయన పోయాడని నాకు అలా తెలిసింది.

పేరు రాయను. బతికుండగా అతని పేరు ఒక కాగితం మీద ఎక్కింది, అది చాలు. పూర్ణా మార్కెట్లో అందరూ డిస్కుల బాబు అనేవారు. తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఇతను ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పెరిగాడు, అయినా నోట్లోంచి 'అండి' పోలేదు. నేను ముప్పై ఏళ్ళు ఆ మార్కెట్లో ఎండు చేపలు అమ్మాను. రొయ్యల్లో ఇసుక ఉందని అతను నన్ను తిట్టినా 'ఇసుకండి' అనే తిట్టేవాడు. నన్ను మర్యాదగా తిట్టినవాడు అతనొక్కడే.

అతని కొట్టు స్టీలు సామాన్ల దుకాణం పైన ఉండేది. మెట్లు ఇరుకు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కలేరు. పైన ఒక బల్ల, కంప్యూటరు, గోడకి టీవీ, దాని కింద పాత డీవీడీ ప్లేయరు. జనం తమ ఫోన్లు, మెమరీ కార్డులు, పెన్‌డ్రైవులు, పెళ్ళి కెమెరావాడు ఇచ్చిన వీడియో ముక్కలు అన్నీ సంచిలో వేసుకుని వచ్చేవారు. ఒక్కోటి ఒక్కో రకం. ఒకటి ఆడేచోట ఇంకోటి ఆడదు. వాటన్నిటినీ ఒకే రకంలోకి మార్చి, ఒక్క డిస్కులోకి ఎక్కించి, ఇంట్లో టీవీ కింద ప్లేయరులో వేస్తే ఆడేలా చేసి ఇవ్వడం అతని పని.

ఎలా మారుస్తావు బాబూ అని అడిగితే, ఒక్కో ఫోనుకీ ఒక్కో యాసండి అన్నాడు. మా యారాడ మాట వాళ్ళమ్మకి సగమే అర్థమవుతుందట. అలాగే ఈ ఫోను మాట ఆ ప్లేయరుకి తెలియదట. అందుకని అన్నిటి చేతా ఒక్క మాటే మాట్లాడించాలట. అలా మాట్లాడిస్తే వాటి సొంత మాట ఏమైపోతుందని అడిగాను.

"కొన్ని పోతాయండి. పైకి కనిపించనివి. ఏ రోజు తీశారో, ఎన్ని గంటలకి తీశారో, అలాంటివి. బొమ్మ మాత్రం ఉంటుందండి."

అప్పుడు నాకది పెద్ద మాటగా తోచలేదు.

డిస్కులోకి ఎక్కించడాన్ని అతను కాల్చడం అనేవాడు. అది కాలుతున్నంతసేపూ అరచెయ్యి ఆ పెట్టె మీద ఆనించి ఉంచేవాడు, పిల్లాడికి జ్వరం చూసినట్టు. ఎవరైనా మాట్లాడబోతే రెండో చేతి వేలు పైకెత్తేవాడు. "ఆగండి. కాలుతోంది." మాటలకి అది పాడవుతుందా అంటే పాడవదనే చెప్పేవాడు, అయినా వేలు దించేవాడు కాదు. కింద పోర్టు లారీ వెళ్తే మేడంతా అదిరేది. అతని మెడ నరం బిగుసుకునేది. ఒకసారి కాలినదాన్ని మళ్ళీ కాల్చలేం అనేవాడు. అయ్యాక డిస్కు కన్నంలో వేలు దూర్చి తీసి, ట్యూబులైటు కేసి చూసి, తర్వాత ఆ కన్నంలోంచి ఎదుటి మనిషి ముఖం చూసేవాడు. అది అతనికి అలవాటు. నాకు మాత్రం బావిలోంచి ఎవరో చూస్తున్నట్టుండేది.

ఇంకో అలవాటు, ఏ ముక్కనీ చూడకుండా కాల్చేవాడు కాదు. పెళ్ళయినా, సీమంతమైనా, ఎవరింట్లోనో ముసలామె మంచం మీద దగ్గుతున్న రెండు నిమిషాలైనా, మొదటినుంచి చివరిదాకా చేతులు కట్టుకుని చూసేవాడు. పోయినవాళ్ళ బొమ్మలే ఎక్కువ వచ్చేవి. పదో రోజున దండ వేసిన ఫొటో పక్కన టీవీలో ఆడించుకోవడానికి చేయించుకునేవారు. ముందుకి తోసెయ్యి బాబూ, బస్సు పోతుంది అని ఎవరు తొందరపెట్టినా కదిలేవాడు కాదు.

"చివర్లోనే ఉంటుందండి, ఉండాల్సింది."

చూసినవాటిని వరసపెట్టి ఒక పొడుగు పుస్తకంలో రాసుకునేవాడు. ఏ ముక్క ఏ రోజుది, ఎన్ని గంటలది, ఎంతసేపుంది. తేదీల ప్రకారం పేర్చడానికి. డిస్కు తీసుకెళ్ళేవాళ్ళు ఆ కింద సంతకం పెట్టాలి. డిస్కు ఇచ్చేశాక, కొట్టు మూసే ముందు కంప్యూటరులోవన్నీ చెరిపేసేవాడు. ఒకరింటి ఆడపిల్లల బొమ్మలు నా దగ్గర నిద్ర చేయకూడదండి అనేవాడు.

ఆ మెట్లు నేను మొదటిసారి ఎక్కింది మా తమ్ముడితో. వాడి కూతురికి ఓణీల ఫంక్షను చేశాం. ఐదు ఫోన్లలో తీసిన ముక్కలన్నీ ఒక కార్డులో వేసుకుని వెళ్ళాం. నాకు అప్పటికి అక్షరాలు వచ్చి ఏడాది కాలేదు. యాభై రెండో ఏట నేర్చుకున్నాను. మా ఊళ్ళో చదువురాని ఆడవాళ్ళకి ఒక టీచరమ్మ సాయంత్రం పూట చెప్పేది. కొత్తగా పళ్ళొచ్చిన బిడ్డ కనబడ్డదల్లా కొరికినట్టు, నేను కనబడ్డ బోర్డల్లా చదివేదాన్ని. అతని గోడ మీద ఒక అట్ట వేలాడుతోంది. దానికెదురుగా నిలబడి ఒక్కో అక్షరమూ పైకి చదివాను.

"డిస్కు అయిన తరువాత కార్డు కడిగి, పాటలు నింపి ఇవ్వబడును. వద్దనుకున్నవారు ముందుగా చెప్పవలెను."

తమ్ముడు నవ్వాడు. "మా అప్పతో బజారుకి రాకూడదు బాబూ. గోడ మీద సున్నం తప్ప అన్నీ సదివీస్తంది."

డిస్కుల బాబు నవ్వలేదు. కుర్చీలోంచి లేచి, "చాలా బాగా చదివారండి అక్కగారూ. ఒక్క తప్పు లేదండి" అన్నాడు. కడగడం అంటే ఏమిటో, నింపడం అంటే ఏమిటో అతనే చెప్పాడు. కార్డులో ఉన్నవన్నీ డిస్కులోకి వెళ్ళిపోయాక ఇక కార్డులో వాటికి పని లేదు. చెరిపేస్తే చోటు మిగులుతుంది. కానీ ఖాళీ కార్డు చేతిలో పెట్టడం అతనికి ఇష్టం లేదు. ఎవరింటి గిన్నె మనింటికి వచ్చినా ఖాళీగా పంపుతామా అన్నాడు. అందుకని దేవుడి పాటలు వేసి ఇచ్చేవాడు, ఊరికే. ముందు మాత్రం అడిగేవాడు.

"ఏ దేవుడండి మీకు?"

మా అప్ప పేరు మీద సింహాద్రి అప్పన్న పాటలు వెయ్యి అన్నాడు తమ్ముడు. ఆ పాటలు వాడు చాలా కాలం ఫోనులో విన్నాడు. పుస్తకంలో సంతకం నేనే పెట్టాను. ఇంటి బయట నేను పెట్టిన మొదటి సంతకం అదే. చివరి అక్షరం గీత దాటిపోయింది.

మా తమ్ముడు చేపల వేటకి పోలేదు. మా ఇంట్లో సముద్రానికి పోనివాడు వాడొక్కడే. ఒక ప్రైవేటు యార్డులో కాంట్రాక్టు మీద పని. క్రేను కిందకి వచ్చే బరువులకి తాళ్ళు కట్టాలి. ఒక ఆదివారం యారాడ వచ్చి, చాక్లెట్ కాగితంలో చుట్టిన కార్డు నా చేతిలో పెట్టాడు.

"ఇది దాసీ అప్పా. ఎవలికీ ఇవ్వకు."

"ఏటుంది ఇందులో?"

"క్రేను వైరు. పోగులు ఇడిపోతన్నాయి. సెప్తే ఇనట్లేదు. నెల్లాళ్ళ నుంచి తీత్తన్నాను. నాకేటైనా అయితే పనికొస్తది."

అలాంటి మాట మాట్లాడొద్దని తిట్టాను. ఆ పని మానెయ్యమన్నాను.

"మానీసి ఏటి తినాల? నీ ఎండు సేపలా?" అని నవ్వాడు. నా బుట్టలోంచి ఒక చేప తీసుకుని వాసన చూస్తూ వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున్న పదకొండు గంటలకి వైరు తెగింది.

వాడి ఫోను వాడితోనే నలిగిపోయింది. యార్డు వాళ్ళు అనేది ఒక్కటే మాట. వైరు కొత్తదే, వాడే బరువు సరిగ్గా కట్టలేదు, పైగా వద్దన్నా కిందకెళ్ళాడు. విచారణ పెట్టారు. ఆ విచారణలో తప్పు వాడిదని రాస్తే మరదలికి, ఇద్దరు పిల్లలకి ఏ ఆధారమూ ఉండదు. అంతకన్నా, వాడి చావు వాడే తెచ్చుకున్నాడన్న మాట ప్రభుత్వం కాగితం మీద ఎప్పటికీ ఉండిపోతుంది. అలా రాయకుండా ఆపగలిగేది చాక్లెట్ కాగితంలో ఉన్న ఆ కార్డు ఒక్కటే. వాడు తీసినవే కాక, తోటివాళ్ళు ఇద్దరు తీసినవి కూడా అందులోనే ఉన్నాయి. ఆ ఇద్దరూ ఉద్యోగం భయంతో తమ ఫోన్లలోవి చెరిపేసుకున్నారు.

విచారణ జరిగే ఆఫీసులో గుమాస్తా రెండు మాటలు చెప్పాడు. ఒకటి, మా దగ్గరున్న ప్లేయరులో ఆడేలా డిస్కు చేయించి తెమ్మని. రెండు, అసలు కార్డు జాగ్రత్తగా ఉంచుకోమని, తేదీల కోసం అడుగుతారని. మొదటి మాట నేను డిస్కుల బాబుకి చెప్పాను. రెండో మాట చెప్పలేదు. కార్డు నా దగ్గరే ఉంటుంది కదా, ఇంకేం జాగ్రత్త అనుకున్నాను.

మూడు రోజులు పట్టింది. నేను కొట్టు మూసేసుకుని ఆ మూడు రోజులూ అతని బల్ల పక్కన స్టూలు మీదే కూర్చున్నాను. మొత్తం పదకొండు ముక్కలు. ఒకటి పాత బటన్ల ఫోనుది, బొమ్మంతా నూకలు చల్లినట్టుంది. మిగతావి ఫోను నిలువుగా పట్టుకుని తీసినవి. అవి టీవీలో వేస్తే రెండు పక్కలా నలుపు, మధ్యలో సన్నటి సందు. ఆ సందులో వైరు. మొదటి ముక్కలో ఒక్క పోగు పైకి లేచి ఉంది, ముల్లులా. నాలుగో ముక్కలో గుప్పెడు. తొమ్మిదో ముక్కలో అది వైరులా లేదు, కొబ్బరి పీచులా ఉంది. దాని కింద బరువు వేలాడుతూనే ఉంది, మనుషులు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. అతను చేతులు కట్టుకుని చూశాడు. ఒక్కసారి కూడా ముందుకి తొయ్యలేదు.

పదకొండోది తోటివాడు తీసింది. అందులో తమ్ముడున్నాడు. ఆ సన్నటి సందులో నిలబడి, తలుపు వారగా తెరిచి చూస్తున్నట్టు మా వైపు చూశాడు. "ఈ వారం దాటదిది" అన్నాడు. కానీ మాట ముందొచ్చింది, నోరు తర్వాత కదిలింది. నేను స్టూలు మీంచి లేచిపోయాను. వేరే రకంలోకి మార్చినప్పుడు ఒక్కోసారి అలా జరుగుతుందని, మాటా బొమ్మా విడిపోతాయని అతను చెప్పాడు. రెండో రోజంతా ఆ ఒక్క వాక్యం మీదే కూర్చున్నాడు. మాటని వెనక్కి జరిపి ఆడించేవాడు. మళ్ళీ జరిపేవాడు. ఈ వారం దాటదిది. ఈ వారం దాటదిది. సాయంత్రానికి మాట వెళ్ళి నోట్లో కూర్చుంది. ఆ ముక్క చివర తమ్ముడు నవ్వి, తీసింది చాలన్నట్టు చెయ్యి చాపాడు. వాడి అరచెయ్యి టీవీ నిండా వచ్చి ఆగిపోయింది. అక్కడితో అయిపోయింది.

మూడో రోజు కాల్చాడు. రెండు డిస్కులు. పెట్టె మీద అతని చెయ్యి, పైకెత్తిన వేలు. అయ్యాక డిస్కు లైటు కేసి చూశాడు గానీ కన్నంలోంచి నా ముఖం చూడలేదు. కళ్ళు తుడుచుకుని కంప్యూటరు వైపు తిరిగాడు. చాలా మెల్లిగా అడిగాడు.

"ఏ దేవుడండి అక్కగారూ?"

"అప్పన్నే" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. నా ఎదురుగా అట్ట వేలాడుతూనే ఉంది. అందులో ఏముందో నాకు కంఠస్థం. కళ్ళ ముందు మాత్రం ఆ అరచెయ్యే ఉంది.

పుస్తకంలో సంతకం పెట్టాను. డిస్కులు సంచిలో, కార్డు చాక్లెట్ కాగితంలో చుట్టి నా బొడ్డు సంచిలో. విచారణ దాకా పన్నెండు రోజులు ఆ కార్డుని నిద్రలో కూడా తడుముకుంటూనే ఉన్నాను. మరదలితో ధైర్యంగా చెప్పాను, వాడి మాట వాడే చెప్తాడు చూడవే అని.

విచారణ రోజు ముందు డిస్కు ఆడించారు. వైరు కనబడింది, తమ్ముడు మాట్లాడాడు. అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు యార్డు తరపు వకీలు లేచి, ఈ బొమ్మలు ఎప్పటివని అడిగాడు. తెగిపోయాక పక్కన పారేసిన వేరే వైరుని తీసి ఉండొచ్చు కదా, డిస్కు మీద తేదీ లేదు కదా అన్నాడు. అసలు కార్డు ఉందా అని అధికారి అడిగాడు. ఉంది బాబూ అని గర్వంగా తీసిచ్చాను. గుమాస్తా దాన్ని కంప్యూటరులో పెట్టాడు.

గంటలు మోగాయి. నాదస్వరం. తర్వాత ఎవరో స్వామీ అని ఎత్తుకున్నారు.

గుమాస్తా ఆపబోయాడు గానీ వెంటనే దొరకలేదు. ఆ గదిలో అప్పన్న పాట ఒక పల్లవి పూర్తిగా సాగింది. మరదలు నా వైపు చూసింది. ఆ చూపు నేను పోయేదాకా నాతోనే ఉంటుంది.

వకీలు తొందరపడలేదు. ఎలక దారి తెలిసిన పిల్లిలా మెల్లిగా వచ్చాడు. అసలు సాక్ష్యాన్ని వీళ్ళే చెరిపేశారు, ఎందుకంటే అందులో తేదీలు వీళ్ళకి ఎదురు తిరుగుతాయి కాబట్టి అన్నాడు. మధ్యాహ్నానికి డిస్కుల బాబుని పిలిపించారు. పొడుగు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

కార్డు నేనే కడిగానండి అని ఒప్పుకున్నాడు. ఎందుకు కడిగావంటే, చేతికి అలవాటండి, నేను ఏడుస్తుంటే చెయ్యి దాని పని అది చేసుకుపోయిందండి అన్నాడు. పుస్తకం తెరిచి పదకొండు ముక్కల తేదీలూ గంటలూ చూపించాడు. అన్నీ ప్రమాదానికి ముందువే. ఆ ముందు పేజీలోనూ తర్వాతి పేజీలోనూ సంతకాలు పెట్టినవాళ్ళని పిలిపించి అడిగితే, మావేనని వాళ్ళు చెప్పారు. మధ్యలో ఉన్న మా పేజీ తర్వాతెప్పుడో రాసి ఇరికించింది కాదని అధికారికి నమ్మకం కుదురుతున్నట్టే ఉంది.

అప్పుడు వకీలు అట్ట సంగతి ఎత్తాడు. ఎవరో వెళ్ళి ఆ కొట్టు చూసొచ్చారన్నమాట. కార్డు కడిగి ఇస్తామని గోడ మీద రాసి ఉంది, ఈవిడ అది చదివే ఒప్పుకుంది, అంటే తెలిసే చెరిపించింది అన్నాడు. అధికారి కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. ఈవిడకి చదువొచ్చా అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా డిస్కుల బాబు మాట్లాడాడు.

"అక్షరం ముక్క రాదండి ఆవిడకి. నోటితో చెప్పాల్సింది నేనండి. చెప్పలేదండి."

"మరి ఇక్కడ సంతకం?" వకీలు పుస్తకం మీద వేలు పెట్టాడు.

"నేనే రాశానండి."

"ఇంత వంకరగానా?"

"చెయ్యి వణికిందండి."

అతను నా వైపు చూడలేదు. అరచెయ్యి ఆ పేజీ మీద ఆనించి ఉంచాడు. నేను చదివానని చెబితే తమ్ముడి కథ అక్కడితో ముగిసిపోతుంది. చెప్పకపోతే ఇతని కథ ముగుస్తుంది. రెండు గుక్కలు ఊపిరి తీసుకునేంత సమయం ఉంది నాకు.

"నాకు సదువు రాదు బాబూ" అన్నాను.

గుమాస్తా నీలం సిరా డబ్బీ ముందుకి జరిపాడు. నా మాట రాసిన కాగితం కింద బొటనవేలు ఆనించాను. ఆ సిరా వదలడానికి రెండు రోజులు పట్టింది. చేపల వాసన కూడా అంతసేపు ఉండదు.

నెల తిరిగాక కాగితం వచ్చింది. వైరు ముందే పాడైందని, చనిపోయినవాడి తప్పు లేదని రాశారు. మరదలు ఆ కాగితాన్ని తమ్ముడి ఫొటో వెనక పెట్టుకుంది. అదే కాగితంలో ఇంకో ముక్క ఉంది. డిస్కు చేసిన ఫలానా వ్యక్తి అసలు ఆధారాన్ని నిర్లక్ష్యంగా చెరిపేశాడు, నిరక్షరాస్యురాలికి విషయం చెప్పలేదు, ఆమె సంతకాన్ని తానే పెట్టాడు. అతని పేరు, తండ్రి పేరు, కొట్టు చిరునామా. అది నాకు ఎవరూ చదివి చెప్పలేదు. నేనే చదివాను. బస్సులో, పెదాలు కదపకుండా.

మార్కెట్లో మాటకి చేపపిల్లలాగే ఈత నేర్పక్కర్లేదు. చెరిపేసే బాబు అన్నారు. దొంగ సంతకాల బాబు అన్నారు. పెళ్ళివాళ్ళు కార్డులు ఇంకోచోటికి తీసుకెళ్ళారు. అతను అట్ట తీసేసి ఇంకోటి పెట్టాడు, ఏదీ చెరపబడదు అని. అది చదవడానికి మెట్లెక్కినవాళ్ళు ఎవరూ లేరు. కొన్నాళ్ళకి డిస్కులు అడిగేవాళ్ళే లేకుండా పోయారు, అది వేరే సంగతి. కానీ అందరికంటే ముందు మూతపడ్డది అతని కొట్టే. నేను పక్క సందులోనే రోజంతా ఎండు చేపలు తూచి ఇస్తూ కూర్చున్నాను. ఆ మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. అవును, పాపం అతనే చెరిపేశాడు అని నేను కూడా ఒకరిద్దరితో అన్నాను. అనకపోతే అనుమానం వస్తుందని.

రొయ్యల డబ్బా పంపడం అప్పుడు మొదలుపెట్టాను. మొదటిసారి అది బెల్లంతో తిరిగొచ్చినప్పుడు సిగ్గుతో ఆ బెల్లం తినలేకపోయాను. చీమలకి వేశాను.

రెండేళ్ళ కిందట ఒకసారి ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. రొయ్యల్లో ఇసుకుంటోందండి అన్నాడు. కాసేపు ఇసుక గురించి మాట్లాడుకున్నాం. తర్వాత నేను మొదలుపెట్టాను.

"బాబూ, ఆ రోజు బోర్డు..."

వేలు పైకెత్తాడు.

"ఆగండి. కాలుతోంది."

ఆ ఇంట్లో ఏ మెషినూ లేదు. లోపల వాళ్ళావిడ చేటలో బియ్యం ఏరుతోంది. అతని రెండో అరచెయ్యి మోకాలి మీద ఆనించి ఉంది, వేడి చూస్తున్నట్టు. వేలు దించుతాడేమోనని చూశాను. దించలేదు. నేను లేచి వచ్చేశాను.

ఇది రాస్తున్నానని మరదలికి చెప్పాను. ముఖం తెల్లబోయింది. "ఇప్పుడెందుకొదినా? ఆళ్ళు సూసి మళ్ళీ తిరగదోడితే?" అంది. తోడొచ్చు. ఆ యార్డు అక్కడే ఉంది. యారాడ కొండ దిగే బస్సు మలుపు తిరిగినప్పుడు ఆ క్రేను ఇప్పటికీ కనబడుతుంది, బరువు పట్టుకుని తిరుగుతూ. దాని వైరు కొత్తదో పాతదో అంత దూరానికి తెలియదు. కింద ఎవరి తమ్ముళ్ళు నడుస్తున్నారో అదీ తెలియదు. మరదలితో ఒక్కటే అన్నాను. నాకు చదువొచ్చినంత మాత్రాన ఆ వైరు కొత్తదైపోదు. తోడితే ఈసారి నేనే వెళ్ళి నిలబడతాను. ఆమె ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

వాళ్ళింట్లో మైల తీరాక డబ్బా పంపాలి. ఇప్పటికి అది గూట్లో బోర్లించి ఉంది.

ఆ అట్ట మీద ఏముందో చూడకుండా రాయగలను. డిస్కు అయిన తరువాత కార్డు కడిగి, పాటలు నింపి ఇవ్వబడును. వద్దనుకున్నవారు ముందుగా చెప్పవలెను. నేను దాన్ని పైకి చదివాను, అతను విన్నాడు, ఒక్క తప్పు లేదన్నాడు. ఆ పొడుగు పుస్తకంలో పదకొండు ముక్కల కింద వంకరగా ఉన్న సంతకం నాది. అతని చెయ్యి వణకలేదు.